పేరు అడగని పోస్టు డబ్బా

మొన్నొక రోజు, ఒకప్పుడు నేను చేసిన పనిలోనే కొత్తగా చేరిన పిల్లలు నలుగురు నన్ను పట్టుకున్నారు. "సార్, మీ రోజుల్లో మెయిల్ పంపడానికి పాస్‌వర్డే అడిగేవాళ్లు కాదంట, నిజమేనా?" అని ఒకటే నవ్వు. నిజమే నాయనా. వచ్చిన ఉత్తరం తీసుకోవడానికి అడిగేవాళ్లం, పంపడానికి అడిగేవాళ్లం కాదు. ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు ముందు ఎర్ర డబ్బాలో ఉత్తరం వేస్తే, వెనక ఎవరి పేరు రాశావని డబ్బా అడుగుతుందా? మా సర్వరూ అంతే. మా లైను మీదుగా వచ్చిన ఉత్తరమైతే చాలు, కళ్లకద్దుకుని పంపేసేది. ఆ డబ్బాకు నోరు తెప్పించి "నువ్వెవరు?" అని అడగడం నేర్పినవాళ్లలో నేనొకణ్ణి. మీరు నవ్వుకోండి. నాకు మాత్రం ఆ రోజులు తల్చుకుంటే బెంగగా ఉంటుంది. ఆ బెంగలో సగం సిగ్గు కూడా ఉంది, అదే ఇప్పుడు చెప్పబోతున్నాను.

నేను ఇంజనీరును కాదు. ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణం పైన, మూడో అంతస్తులో నడిచిన చిన్న ఇంటర్నెట్ కంపెనీలో ఫోన్లెత్తేవాణ్ణి. కస్టమర్ కష్టం విని, ఇక్కడ నొక్కండి, అక్కడ నొక్కండి అని చెప్పడమే నా ఉద్యోగం. మాది ఎంత చిన్న కంపెనీ అంటే, ఏసీ ఉన్నది సర్వర్ గదికొక్కదానికే కాబట్టి ఎండాకాలం మా పెరుగు డబ్బాలు కూడా అందులోనే పెట్టేవాళ్లం. ఆ గదిని ఏలేది కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి. వయసులో నాకంటే పదేళ్లు చిన్న, తెలివిలో పదేళ్లు పెద్ద. అందరం సర్వర్ మేడం అనేవాళ్లం.

గొడవ ఎట్లా మొదలైందంటే, ఎవడో మహానుభావుడు మా దగ్గర కనెక్షన్ తీసుకుని, బస్తాలకొద్దీ చెత్త మెయిళ్లు దొంగ పేర్లతో లోకం మీదికి వదిలాడు. దాంతో బయటి సర్వర్లు మా పేరు చూస్తేనే తలుపు వెయ్యసాగాయి. వాడి పాపానికి మా మంచి కస్టమర్ల ఉత్తరాలు వాపసు వస్తున్నాయి. ఇక లాభం లేదని పైవాళ్లు తేల్చారు. నాలుగు వారాల గడువు. ఆ తర్వాత వచ్చే సోమవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి, పంపేవాళ్లు కూడా పేరూ పాస్‌వర్డూ చెప్పాల్సిందే. ఉత్తరం మీద ఎవరి పేరుంటే వాళ్ల పాస్‌వర్డే కావాలి.

ఇందుకు కస్టమర్ చెయ్యాల్సింది చాలా చిన్న పని. మెయిల్ ప్రోగ్రాంలో లోపలికి పోతే ఒక గడి ఉంటుంది, అందులో టిక్కు పెట్టాలి. ఆ గడి దాకా వాళ్లను ఫోన్లో చెయ్యి పట్టుకుని నడిపించడం నా వంతు. సర్వర్ మేడం కస్టమర్ల పేర్లన్నీ పేటల వారీగా అచ్చు తీసి నా బల్ల మీద పెట్టింది.

"అన్నా, గడి పెట్టినోళ్ల పేరు పక్కన ఎర్ర పెన్నుతోని టిక్కు కొట్టు. టిక్కు లేనోళ్లకు ఇంకొన్ని దినాలు పాత పద్ధతే నడిపిస్త, ఫికర్ లేదు. టిక్కు ఉన్నదంటే మాత్రం సోమవారం నుంచి పాస్‌వర్డ్ లేని ఉత్తరాలకు తలుపు వేసుడే. నీ టిక్కు చూసే నేను వేస్త, యాదిపెట్టుకో."

ఈ మాట మీరు కూడా గుర్తుపెట్టుకోండి.

ఆ నాలుగు వారాలు ఎన్ని గొంతులు విన్నానో. హిమాయత్‌నగర్‌లో రిటైరైన పంతులమ్మ ఒకావిడ నేను చెప్పిందంతా నోటుబుక్కులో రాసుకుని, తిరిగి నాకే చదివి వినిపించి, మధ్యలో నా వాక్యాలు దిద్దింది. బేగం బజార్ మిరపకాయల సేటు ఇంకా ఘనుడు. పాస్‌వర్డ్ ఏదని అడిగితే, "ఉన్నది సారూ, ఎంకన్న పటం ఎనక రాసిపెట్టిన. గని ఇంకా తానం చెయ్యలే. పటం ఎట్ల ముట్టాలె? జర ఆగు," అని ఫోను పక్కన పెట్టి స్నానానికి పోయాడు. నేను రిసీవర్ చెవికి ఆనించుకుని చెంబు చప్పుళ్లు వింటూ కూర్చున్నాను. ఇప్పుడు ఏ కంపెనీకి ఫోన్ చేసినా మిషను మాట్లాడుతుంది. ఆ చెంబు చప్పుడు ఇంకోసారి వినాలని ఉంటుంది నాకు.

ఇక కాక సంగతి. నాంపల్లి కోర్టు పక్క సందులో టైపు కొట్టే ఒక పెద్దమనిషి ఉండేవాడు. ఊరు పాలమూరు వైపు. నాకు చుట్టం కాదు, అయినా బాబాయిని పిలిచినట్టు కాక అనే పిలిచేవాణ్ణి, ఆయన నన్ను కొడుకా అనేవాడు. దుకాణం అంటే ఒక బల్ల, పాత టైపు మిషను, దాని పక్కన మేమే కనెక్షన్ ఇచ్చిన కంప్యూటర్. వకీళ్ల కాగితాలు పొద్దున, మామూలు జనం ఉత్తరాలు మధ్యాహ్నం. నౌకరీకి దరఖాస్తు, పింఛను అర్జీ, దూరంగా పనికి పోయిన తమ్ముడికి నాలుగు మాటలు, ఏదైనా సరే. ఒక్కొక్కరికి మా దగ్గర చిన్న మెయిల్ ఖాతా తీయించి పెట్టాడు. ఉత్తరం కొట్టేది ఆయనే, పంపేది ఆయన లైను మీదే, కానీ పైన ఉండేది మాత్రం వాళ్ల పేరే.

మూడింటికి నాకు అరగంట విరామం. మా ఆఫీసు నుంచి నడిస్తే కాక దుకాణం ఎంతో దూరం లేదు. ఎదురుగా ఇరానీ హోటల్ నుంచి రెండు చాయ్‌లు వచ్చేవి. ఒకసారి అడిగాను.

"ఇన్ని ఉత్తరాలు రాస్తవు కాక, ఎక్కడా నీ పేరుండదు. నువ్వు రాసినవని ఎవరికి తెలుస్తది?"

"ఎందుకు తెల్వాలె కొడుకా? పెండ్లిపిల్లకు చీర కట్టిచ్చినామె ఫోటోల ఉంటదా? టైపు నేర్పిన మా ఉస్తాద్ ఒకటే చెప్పిండు. రాసిన చెయ్యి కనవడొద్దు."

ఇంకొకసారి నా చేతిలోని జాబితా లాక్కుని చూశాడు. అందులో రెండు చోట్ల తప్పుగా టిక్కు పెట్టి కొట్టేసి ఉన్నాను. కోర్టు కాగితాలు కొట్టీ కొట్టీ ఆయన కన్ను కొట్టివేతల మీదికే పోయేది.

"ఇగో, కొట్టేసినవు. పొట్టి సంతకం ఏది?"

"మా ఆఫీసు కాగితమే గదా కాక, దీనికెందుకు?"

"ఏ కాగితమైతే ఏంది? తప్పు మీద గీత గీసి పక్కన పొట్టి సంతకం పెడితే గది దిద్దుబాటు అయితది. సంతకం లేకపోతే తప్పు తప్పు లెక్కనే ఉంటది. ఈ తప్పు నాదే అని ఎవడో ఒకడు ఒప్పుకోవాలె గదా."

నేను నవ్వుతూ రెండు చోట్లా పొట్టి సంతకం పెట్టాను.

కొత్త పద్ధతి సంగతి చెప్పినప్పుడు మాత్రం కాక ముఖం మాడ్చుకున్నాడు. తన పేరుతో లోపలికి పోతే ఇంకొకరి పేరుతో ఉత్తరం పోదు. వాళ్ల పేరుతో పోవాలంటే వాళ్ల పాస్‌వర్డ్ కావాలి.

"అందరి పాస్‌వర్డులు నా దగ్గర పెట్టుకోవాల్నా? ఊరందరి తాళంచెవులు నా మొలతాడుకు కట్టుకోమంటవా? నాతోని కాదు."

రెండు రోజులు ఆలోచించి నేనే దారి చెప్పాను. పంపే వేళకు మనిషే వచ్చి తన పాస్‌వర్డ్ తనే కొట్టుకునేట్టు ఒక్కొక్క ఖాతాకూ సరిచెయ్యవచ్చు. కాక ముఖం విప్పారింది. "గట్లయితే మంచిగనే ఉన్నది. ఒక పూట నా దగ్గర కూసుండి చేసిపెట్టు." ఒక పూట పని, అంతే. ఎవరెవరికో ఫోన్లో గంటలు గంటలు నేర్పిన నేను, పిలిస్తే వినపడేంత దూరంలో ఉన్న మనిషికి ఆ పూట ఇవ్వలేదు. రోజూ పోయేవాణ్ణి, చాయ్ తాగేవాణ్ణి, ఆయన పాలమూరు కబుర్లు చెబుతుంటే నోరు తెరుచుకుని వినేవాణ్ణి, గడియారం చూసి లేచి వచ్చేవాణ్ణి. దీపం కింద చీకటి అని ఊరికే అనలేదు పెద్దలు.

ఆ శుక్రవారం దుకాణంలో ఒక తల్లీ కూతురూ ఉన్నారు. తల్లి నాంపల్లి స్టేషన్ వెనక ఏదో బడిలో ఆయా. కూతురు నర్సింగు పూర్తి చేసింది. వేరే ఊళ్లో పెద్ద దవాఖానలో ఉద్యోగం ఖాయమైందని ఆ పిల్ల మెయిల్‌కు కబురు వచ్చింది. వస్తానని ఒప్పుకుంటూ జవాబు రాసి, సర్టిఫికెట్ కాపీ జతచేసి, సోమవారం సాయంత్రం అయిదులోపు పంపాలి. అది కూడా దరఖాస్తు చేసిన అడ్రసు నుంచే రావాలి. సర్టిఫికెట్ కాలేజీ వాళ్లు సోమవారం పొద్దున ఇస్తామన్నారు.

"ఫికర్ చెయ్యకు తల్లీ," అన్నాడు కాక తల్లితో. "సోమవారం కాయితం తెండ్రి. నా చేతిల పెట్టిన ఘడియల పోతది." నా వైపు తిరిగి, "ఏం కొడుకా, పోతది గదా?" అన్నాడు.

"ఎందుకు పోదు కాక, సోమవారం పొద్దుగాల నేనే వచ్చి అన్నీ సరిచేస్త," అన్నాను.

శనివారం సాయంత్రానికి నాంపల్లి పేజీలో ఒక్క పేరు పక్కనే టిక్కు లేదు. మేనేజర్ నిలబడి చూస్తున్నాడు. సర్వర్ మేడం కొంటెగా, "ఏమన్నా, ఊరందరినీ మార్చినవు, రోజు చాయ్ తాగే దోస్తే మిగిలిండా?" అంది. అందరూ నవ్వారు. నాకు ఎక్కడో గుచ్చుకుంది. సోమవారం పొద్దున ఎలాగూ పోయి చేస్తాను కదా, అయినట్టే కదా అనుకున్నాను. ఎర్ర పెన్ను తీసి కాక పేరు పక్కన టిక్కు కొట్టాను. టిక్కు లేకుండా వదిలేసి ఉంటే పాత పద్ధతే ఇంకొన్ని రోజులు నడిచేది, ఏ చిక్కూ ఉండేది కాదు. అది నాకు తెలుసు. తెలిసే కొట్టాను.

సోమవారం ఆఫీసు తలుపు తియ్యకముందే ఫోన్లు మొదలయ్యాయి. ఒకటి పెడితే ఇంకొకటి. పదైంది, పదకొండైంది, పన్నెండైంది. మేడం సర్వర్ గదిలోంచి తల బయట పెట్టి "పాత తలుపు వెయ్యాల్నా అన్నా?" అని అడిగింది. అప్పుడైనా "ఒక్క పేరు ఆపు" అని ఉండొచ్చు. చెవి దగ్గర ఎవరో అరుస్తున్నారు, చేత్తోనే వెయ్యమని సైగ చేశాను. తర్వాత మూడింటి చాయ్‌కు కూడా లేవలేకపోయాను. కాక పేరు ఆ రోజంతా నాకు గుర్తుకే రాలేదంటే మీరు నమ్మాలి.

మంగళవారం పొద్దున గుర్తొచ్చింది. జాబితా చేతిలో పట్టుకుని పోయాను. తల్లీ కూతురూ అప్పటికే వచ్చి కూర్చున్నారు, దవాఖాన నుంచి ఏమైనా జవాబు వచ్చిందేమో చూసుకుందామని. పిల్ల తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని వచ్చింది. జాబితా బల్ల మీద పెట్టి నేను లైను కలిపాను. బయటికి పోవాల్సిన మెయిళ్ల పెట్టెలో పదకొండు ఉత్తరాలు అట్లాగే ఉన్నాయి. పై నుంచి మూడోది ఆ పిల్లది.

"పోలేదా?" అన్నాడు కాక.

"లేదు కాక."

"నిన్న ఒంటిగంటకు ఒత్తిన గదా. ఏదో ఇంగ్లీషుల డబ్బా లెక్క వచ్చింది. లైను తెగినప్పుడల్లా గట్లనే వస్తది, తర్వాత దానంతటదే పోతది. ఓకే ఒత్తి, పోయింది బిడ్డా అని చెప్పిన."

ఆ రోజుల్లో అది మామూలే. లైన్లు తెగేవి, ఉత్తరాలు ఆగేవి, మళ్లీ కలిస్తే వాటంతటవే పోయేవి. ఆయన అలవాటులో తప్పేమీ లేదు.

"నిన్నటి నుంచి సర్వర్‌ల మార్పు చేసిన్రు కాక," అన్నాను. చేసిన్రు అన్నాను చూడండి, అక్కడికి నేనెవరో అయినట్టు.

తల్లికి విషయం అర్థమయ్యేసరికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "నిన్ననే అయిదు గంటలు దాటిపోయింది గదా కాకా," అని మెల్లగా అంది. పిల్ల నేల చూపులు చూస్తూ కొంగు అంచు మడుస్తూ కూర్చుంది. అప్పుడే నేను నోరు విప్పాల్సింది. కాక నా ముఖంలోకి చూస్తుంటే, దవాఖాన ఫోన్ నంబరు ఉందా అని పిల్లను అడిగాను.

దుకాణంలో ఉన్న ఒక్క ఫోను లైనూ నెట్‌కు కలిపి ఉంది కాబట్టి, తల్లినీ కూతుర్నీ తీసుకుని సందు చివర ఎస్టీడీ బూత్‌కు పోయాను. దవాఖాన గుమాస్తా మర్యాదగానే మాట్లాడాడు. నిన్న సాయంత్రంతో ముగిసింది, ఆ చోటు జాబితాలో తర్వాతి పేరుకు పోయింది, మీరు చెప్పుకునేదేదైనా ఉంటే రాసి పంపండి అన్నాడు. తిరిగి వచ్చేసరికి కాక కంప్యూటర్ ముందు కూర్చుని కొడుతున్నాడు. అంత నెమ్మదిగా ఆయన కొట్టడం నేనెప్పుడూ చూడలేదు.

"కొడుకా, నీ గడి ఏదో దాంట్ల టిక్కు పెట్టు. ఈ ఉత్తరం నా పేరు మీదనే పోవాలె."

ఆయన కొట్టింది చదివాను, ఇట్లా ఉంది. ఈ అమ్మాయి గడువు లోపలే ఒప్పుకుని కాగితాలు నా చేతికిచ్చింది. పంపే పని నాది. పోలేదని నేను చూసుకోలేదు. తప్పు పూర్తిగా నాది, శిక్ష ఆ పిల్లకు వెయ్యకండి. కింద ఆయన పూర్తి పేరు, ఊరు, చేసే పని. నాకు తెలిసి కాక కొట్టిన ఉత్తరాల్లో కింద ఆయన పేరున్నది అదొక్కటే.

గడిలో టిక్కు పెట్టాను. పాస్‌వర్డ్ అడిగింది, కాక కొట్టాడు. ఉత్తరం రివ్వున పోయింది. నా ఉద్యోగం ప్రకారం చెప్పాలంటే పని విజయవంతంగా పూర్తయింది.

నేను లేస్తుంటే కాక నా జాబితాను నాలుగు మడతలు పెట్టి చేతికిచ్చాడు. "నీ ఆఫీసు కాయితం. పారెయ్యకు," అన్నాడు. నేను దాన్ని విప్పకుండానే ఫైల్లో పెట్టేశాను. దాని మొహం చూడటానికి నాకు మనసొప్పలేదు.

వారం దాటాక కాక మెయిల్ పెట్టెలోకి జవాబు వచ్చింది. ఆ చోటు నిండిపోయింది గానీ, రెండు నెలల్లో ఇంకొక బ్యాచ్ తీసుకుంటున్నాం, అమ్మాయిని అందులో చేర్చుకుంటాం అని. తల్లి మొజంజాహీ మార్కెట్ నుంచి సీతాఫలాల బుట్ట తెచ్చింది. కాక సగం నాకు పంచాడు. ఆ తియ్యటి పండ్లు తీసుకుని తిన్నాను. అప్పుడు కూడా చెప్పలేదు. అంతా మంచే జరిగింది కదా, ఇప్పుడు తవ్వడం ఎందుకు అనుకున్నాను.

కాక మాత్రం మెయిళ్ల పని మానేశాడు. ఒక్కొక్కరినీ పిలిచి ఎవరి ఖాతా వాళ్లకు అప్పజెప్పి, "మీరే నేర్చుకోండ్రి," అని మా ఆఫీసుకు పంపాడు. మళ్లీ టైపు మిషనొక్కటే మిగిలింది. మరుసటి ఏడు దుకాణం ఖాళీ చేసి ఊరికి పోతూ, "ఒకసారి రా కొడుకా, జొన్నరొట్టె తినిపోదువు," అన్నాడు. వస్తానన్నాను. ఈ దసరాకు, వచ్చే వేసవికి అనుకుంటూనే ఉన్నాను. కాక పోయాడని ఇరానీ హోటల్ అతను చెప్పేనాటికి దినాలు కూడా అయిపోయాయి. ఆ రోజు రెండు చాయ్‌లు చెప్పి, ఒకటే తాగి వచ్చాను.

నా పదవీ విరమణ నాడు మేడం నా పాత ఫైళ్లన్నీ ఒక అట్టపెట్టెలో వేసి ఇచ్చింది. అది ఇన్నాళ్లూ మంచం కింద ఉంది. మొన్న ఈ పిల్లలు అడిగిన ప్రశ్నతో బుద్ధి పుట్టి, ఆ రోజుల కాగితమేదైనా వీళ్లకు చూపిద్దామని వెతికితే ఆ నాలుగు మడతల జాబితా దొరికింది. అన్నేళ్ల తర్వాత మొదటిసారి విప్పాను. నాంపల్లి పేజీ. కాక పేరు. దాని పక్కన నా ఎర్ర టిక్కు. టిక్కు మీద నీలం సిరాతో అడ్డంగా ఒక గీత, స్కేలు పెట్టినంత తిన్నగా. గీత పక్కన ఆయన పొట్టి సంతకం.

మేం బూత్‌కు పోయినప్పుడు జాబితా బల్ల మీదే ఉంది, చూశాడన్నమాట. తన పేరు పక్కన తాను ఎన్నడూ పెట్టని గడికి టిక్కు. ఆ మాత్రానికి ఏం జరిగిందో అర్థం కాని మనిషి కాదు. ఆ ఉత్తరం కొట్టేముందే చూశాడో, కొడుతూ మధ్యలో చూశాడో నాకు తెలియదు. నాకు మాత్రం ముందే చూశాడనిపిస్తుంది. తర్వాత ఏడాది పాటు రోజూ నాతో చాయ్ తాగాడు. ఒక్కనాడూ అడగలేదు. నేనే చెబుతానని చూశాడేమో.

రాసిన చెయ్యి కనబడకూడదని జీవితమంతా తన చెయ్యి దాచుకున్నాడు. నా చెయ్యి దాచడానికి తనది బయటపెట్టాడు. కాక ఉంటే ఇప్పుడే బస్సెక్కి పోయేవాణ్ణి. ఆయన జొన్నరొట్టె ముందు కూర్చుని, ఆ టిక్కు నాది కాక అని ఒక్కమాట చెప్పి వచ్చేవాణ్ణి. చెప్పడానికి మనిషి లేడు.

ఆయన సంతకం పక్కన ఇంకా కొంచెం జాగా ఉంది. నిన్న పెన్ను తీసుకుని అక్కడ నా పొట్టి సంతకం పెట్టాను.